పద్యాలన్నీ మందలింపులేనా? పిల్లలకు మీరు ఎలాంటి కవిత్వం వినిపిస్తున్నారు?

అలిపిరిమెట్లు (తిరుపతి), ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు అయిదు. పాప చదివేది ఇంగ్లీషు మీడియం. పద్యాల పోటీల కోసం రెండేళ్లుగా నేనే దగ్గర కూర్చుని నేర్పిస్తున్నాను. వేమన పద్యాలు ఇరవై అయిదు, సుమతీ శతకంలోవి పదిహేను దాకా వచ్చు. ఎక్కడ అడిగినా తడుముకోకుండా చెబుతుంది. రెండుసార్లు బహుమతి కూడా తెచ్చుకుంది.

నిన్న రాత్రి కరెంటు పోయింది. మిద్దె మీద చాప వేసుకుని కూర్చున్నాం. కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు వరసగా కనిపిస్తున్నాయి. "తమ్ముడికి ఒక పద్యం చెప్పమ్మా" అన్నాను. పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, పద్యాలన్నీ మనల్ని ఎందుకు మందలిస్తాయి?" అని అడిగింది.

నాకు జవాబు దొరకలేదు. నేను నేర్పినవన్నీ ఒక్కొక్కటిగా మనసులో చెప్పుకున్నాను. అప్పిచ్చువాడు వైద్యుడు, కనకపు సింహాసనమున శునకము, అల్పుడెపుడు పల్కు ఆడంబరముగాను. అన్నిటిలోనూ ఎవరో పెద్దవాళ్లు వేలు చూపిస్తున్నట్టే ఉంది. నవ్వించేది ఒక్కటి లేదు. వానను చూసి గంతులు వేసేది లేదు. అర్థం కాకపోయినా మళ్లీ మళ్లీ అనాలనిపించేది లేదు. అలాంటివి తెలుగులో లేక కాదని నాకూ తెలుసు. ఏరి ఇచ్చినదాన్ని నేనే కదా.

పిల్లలకు ఎన్ని రకాల కవిత్వం వినిపించవచ్చు? ఎక్కడ మొదలుపెట్టాలి? పోటీల ఊసు లేకుండా ఇంట్లో చదువుకునేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

రాగిసంగటి (చంద్రగిరి), ఆదివారం రాత్రి 10.15

అమ్మా, నీ బిడ్డ ఎంత మంచి మాట అడిగింది! నాకు డెబ్బై దాటాయి. ముగ్గురు మనవళ్లను ఎత్తుకుని పెంచాను. నువ్వు బాబు దగ్గర మొదలుపెట్టు, పాప తానే వచ్చి పక్కన కూర్చుంటుంది.

ఇద్దరినీ కాళ్లు చాపుకుని కూర్చోమను. ఒక్కో కాలి మీద తడుతూ "కాళ్లాగజ్జీ కంకాళమ్మా, వేగుచుక్కా వెలగామొగ్గ, మొగ్గా కాదు మోదుగ నీడ, నీడా కాదు నిమ్మల బావి" అని చెప్పు. మొగ్గ నీడ ఎలా అయింది, నీడ బావి ఎలా అయింది అని ఏ బిడ్డా అడగదు. ఒకటి ఇంకొకటిగా మారిపోతూ ఉంటే వాళ్ల కళ్లు చూడాలి. ఆఖరి మాటకు ఎవరి కాలు మీద చెయ్యి పడుతుందో అని ఊపిరి బిగబట్టి వింటారు. అలా వినడం వచ్చిన బిడ్డ రేపు ఏ పద్యమైనా వింటుంది.

మాకు నీళ్లు పోసేటప్పుడు ఒక పాట, అన్నం పెట్టేటప్పుడు ఒకటి, ఉయ్యాలలో వేసినప్పుడు ఒకటి ఉండేది. "చందమామ రావో జాబిల్లి రావో, కుందనపు పైడికోర వెన్నపాలు తేవో" అని అన్నమయ్య పాట ఉంది. మనం గోరుముద్దలు పెడుతూ పాడే చందమామ రావేకు అది దగ్గర చుట్టం. అయిదు వందల ఏళ్ల నాడు ఈ కొండ మీద పాడిన మహానుభావుడికి, చంకలో బిడ్డను వేసుకుని పెరట్లో తిరిగే తల్లికి మాట ఒక్కటే అయిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పొడుపుకథలు మరిచిపోకు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు." రెప్పలు కొట్టి చూపిస్తే చాలు, విప్పేస్తారు.

శతకప్రియ (చిత్తూరు), సోమవారం ఉదయం 6.05

కొంచెం గట్టిగా చెబుతున్నాను, మన్నించండి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలే ఇంటింటా కనిపిస్తున్న ఈ రోజుల్లో, నలభై పద్యాలు నోటికి వచ్చిన బిడ్డ ఉంటే దాన్ని లోటుగా చూడవద్దు. ముప్పై ఏళ్లకో నలభై ఏళ్లకో ఒక పద్యం గుర్తొచ్చి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. నాకు నడిపించింది.

వేమనను నీతిపద్యాల కట్టలో కట్టేయడం ఆయనకు అన్యాయం. "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు." ఇందులో మందలింపు ఎక్కడ ఉందమ్మా? రెండు తెల్లటి పొడులను ఎదురుగా పెట్టుకుని తేరిపార చూసిన మనిషి మాట అది. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ అవి జనం నాలుకల మీద బతుకుతూ వచ్చాయి. తిట్లను ఎవరూ అంతకాలం ముద్దుగా మోయరు.

మీ పాప ఉప్పునూ కర్పూరాన్నీ ఎప్పుడైనా పక్కపక్కన చూసిందా? చూపించి పద్యం చెప్పండి. హారతి కర్పూరం మాత్రం నోట పెట్టనివ్వకండి, ప్రమాదం. వాసన చూస్తే చాలు.

అలిపిరిమెట్లు, సోమవారం ఉదయం 6.50

చూడలేదండి. పద్యం చెప్పించాను కానీ ఆ రెండూ ఎప్పుడూ చూపించలేదు. ఈ రోజే చూపిస్తాను.

బడిగంట (పీలేరు దగ్గర), సోమవారం సాయంత్రం 5.30

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా తరగతిలో రోజూ హాజరు పట్టీ తీయకముందే ఒక కవిత చదువుతాను. పాఠ్యపుస్తకంలో లేనిదే ఎంచుకుంటాను. ఒక రోజు పోతన, ఒక రోజు ఊరి పాట, ఒక రోజు ఇప్పటివాళ్లు రాసిన నాలుగు పంక్తుల వచన కవిత. కవి పేరు, ఊరు చెబుతాను. అర్థం చెప్పను, ప్రశ్న వేయను. మొదటి రెండు వారాలు పిల్లలు ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని బిక్కమొహాలతో చూశారు. "టీచర్, ఇది పరీక్షలో వస్తుందా?" అని ఒకడు అడిగాడు. రాదన్నాను. ఆ రోజు నుంచి వినడం మొదలైంది. నెల తిరిగేసరికి వాళ్లే అడిగి మరీ చెప్పించుకున్నారు. అర్థం అడిగినప్పుడు చెప్పడానికీ, అడగకముందే చెప్పడానికీ ఎంత తేడా ఉందో నేను తరగతి గదిలోనే నేర్చుకున్నాను.

ఛందస్సు అనగానే పెద్దవాళ్లు భయపడతారు కానీ పిల్లలకు అది ఆట. శతకప్రియ గారు చెప్పిన పద్యమే తీసుకోండి. "చూడ, చూడ, రుచుల, జాడ, వేరు." అయిదు చప్పట్లు. ఆటవెలది అనే ఈ ఛందస్సులో రెండో పాదం, నాలుగో పాదం ఎప్పుడూ ఇలా సూర్యగణాలు అనే అయిదు చిన్న ముక్కలతోనే నడుస్తాయి. "విశ్వదాభిరామ వినురవేమ"కు కూడా చప్పట్లు వేయించండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. మళ్లీ అయిదు! ఈ సంగతి నేను చెప్పలేదు, మూడో తరగతి పిల్ల ఒకతె కనిపెట్టి ఎగిరి గంతేసింది. సూర్యగణం అన్న పేరు ఆమెకు తెలియదు. తెలియవలసిన వయసూ కాదు.

గురజాడ 1910లో రాసిన దేశభక్తి గేయం నడక ఇంకోలా ఉంటుంది. "దేశ, మునుప్రే, మించు, మన్నా." తేలికగా పలికే అక్షరానికి ఒక మాత్ర, బరువుగా పలికేదానికి రెండు అని లెక్కపెడితే మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మూడు, నాలుగు. చిన్న అడుగు, పెద్ద అడుగు వేయిస్తూ బడి ఆవరణ చుట్టూ తిప్పుతాను. పద్యం కూర్చుని వినేదనీ, గేయం నడుస్తూ పాడేదనీ వాళ్ల కాళ్లకే తెలిసిపోతుంది.

ఇక పోతన వామనుడు. "ఇంతింతై వటుడింతయై మఱియుఁ దానింతై నభోవీధిపై నంతై" అని మొదలయ్యే పద్యంలో ఆ బుడుగు ఆకాశానికి, మేఘాలకు, వెలుగుల రాశికి, చంద్రుడికి, ధ్రువుడికి, మహర్లోకానికి, సత్యలోకానికి పెరుగుతాడు. లెక్కపెడితే ఏడు. మా బడి మేడకు మెట్లు చాలానే ఉన్నాయి. ఒక్కో చోటికి ఒక్కో మెట్టు ఎక్కిస్తాను. ఏడో మెట్టు మీద నిలబడి కిందికి చూసిన పిల్లవాడికి బ్రహ్మాండాంత సంవర్ధి అన్న మాటకు అర్థం చెప్పవలసిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

మూడుచక్రాలు (తిరుపతి), సోమవారం రాత్రి 11.20

అందరికీ దండాలు. నేను ఆటో నడుపుతాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మా వాడు రెండో తరగతి. మీరంతా రాసినవి చదివి చాలా ఆశ కలిగింది, కానీ ఒక భయం ఉంది. నాకు చదవడం వచ్చు. పద్యం కనిపిస్తే మాత్రం గొంతు ఆగిపోతుంది. ఎక్కడ విరవాలో తెలియదు. తప్పుగా చదివి బిడ్డకు తప్పే నేర్పుతానేమో అని దిగులు. రోజూ శంకరంబాడి కూడలిలో మనుషులను ఎక్కించుకుంటాను, దింపుతాను. ఆయన పెద్ద కవి అని విన్నాను. అంతకు మించి నా కొడుక్కి చెప్పలేకపోయాను. నాలాంటి తండ్రి ఈ పనికి పనికొస్తాడా? నిజంగానే అడుగుతున్నాను.

శతకప్రియ, మంగళవారం ఉదయం 5.50

తమ్ముడూ, మీ ప్రశ్నకు మన పక్క ఊరి కవి ఎప్పుడో జవాబు రాసి పెట్టాడు. ధూర్జటిది శ్రీకాళహస్తి. శ్రీకాళహస్తీశ్వర శతకంలో ఆయన అంటాడు:

"ఏ వేదంబు పఠించె లూత? భుజగంబే శాస్త్రముల్ చూచెఁ? దా
నే విద్యాభ్యసనం బొనర్చెఁ గరి? చెంచే మంత్ర మూహించె?"

సాలెపురుగు ఏ వేదం చదివింది? పాము ఏ శాస్త్రం చూసింది? ఏనుగు ఏ విద్య నేర్చింది? చెంచువాడికి ఏ మంత్రం తెలుసు? స్వామి పాదాల మీద ప్రేమ తప్ప వాళ్ల దగ్గర వేరే ఏమీ లేదు, అదే చాలింది అంటాడు. ఊరి పేరే ఆ కథ: శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. చెంచువాడు మన కన్నప్ప. మీ అబ్బాయిని ఒకసారి గుడికి తీసుకెళ్లి ఈ కథ చెప్పి, ఈ రెండు పాదాలు మీ గొంతుతో వినిపించండి. తప్పు పోతే పోనివ్వండి. రెండోసారి సరిచేసుకుంటారు. తండ్రి సరిచేసుకోవడం కూడా వాడు చూస్తాడు.

చదివే ఉపాయం ఒకటి చెబుతాను. ముందు పద్యాన్ని మాటలుగా విడదీసి కాగితం మీద రాసుకోండి. "పోలికనుండు" అని కలిసిపోయి ఉంటే "పోలిక నుండు" అని రాయండి. రెండు మూడుసార్లు మామూలు మాటలా చదవండి. తర్వాత రాగం దానంతటదే వస్తుంది.

ఇక శంకరంబాడి సుందరాచారి గారి సంగతి. 1914లో తిరుపతిలోనే పుట్టారు. "మా తెలుగు తల్లికి మల్లెపూదండ" ఆయన రాసినదే. 1942 నాటి పాట, టంగుటూరి సూర్యకుమారి గారు పాడారు. మీ వాడు బడిలో పాడుతూనే ఉంటాడు. అందులో త్యాగయ్య ఎవరు, తిక్కయ్య ఎవరు, రుద్రమ్మ ఎవరు అని రోజుకొకరి గురించి మాట్లాడుకోండి. కూడలి దాటిన ప్రతిసారీ ఒక పేరు.

మీకు ఒక పని కూడా అప్పగిస్తున్నాను. అన్నమయ్య కీర్తన "ముద్దుగారే యశోద ముంగిట ముత్యము వీడు" ఫోనులో దొరుకుతుంది, వినండి. చిన్ని కృష్ణుణ్ణి ఒక్కో చోట ఒక్కో రత్నం అంటాడు. నవరత్నాల పేర్లన్నీ ఆ పాటలో దాగి ఉన్నాయి. ఏవి ఎక్కడున్నాయో మీ అబ్బాయితో వెతికించండి.

మూడుచక్రాలు, మంగళవారం ఉదయం 6.30

అయ్యా, కళ్లు చెమర్చాయి. తప్పకుండా వెతికిస్తాను.

సరిహద్దు (నగరి), మంగళవారం మధ్యాహ్నం 1.10

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఉన్న ఒక అదృష్టం గురించి ఎవరూ రాయలేదు. మా ఇంట్లో అమ్మది తమిళం, నాన్నది తెలుగు. అవ్వ నాకు తెలుగు అ ఆలు రాకముందే తమిళ కవయిత్రి అవ్వైయార్ రాసిన ఆత్తిచూడి నేర్పింది. అది కూడా అక్షరాల వరసలోనే సాగుతుంది. "అఱం శెయ విరుంబు": ధర్మం చేయాలని కోరుకో. "ఆఱువదు శినం": చల్లార్చుకోవలసింది కోపం. రెండు మూడు మాటల్లో ముగిసిపోతుంది. నీతే, కానీ జేబులో వేసుకుని తిరిగేంత చిన్నది. తిరుక్కురళ్ కూడా అంతే. 1330 కురళ్లు, ప్రతిదీ రెండు పంక్తులు, ఏడు మాటలు. నా కూతురు ఏడు గులకరాళ్లు పేర్చుకుని కురళ్ చెబుతుంది, ఒక్కో మాటకు ఒక్కో రాయి జరుపుతూ.

ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు ఆండాళ్ తిరుప్పావై వినిపిస్తుంది. మొత్తం ముప్పై పాశురాలు, రోజుకు ఒకటి. చలిలో తెల్లవారకముందే తోటి పిల్లలను నిద్ర లేపే అమ్మాయి పాట అది. లేవని వాళ్లను ఆటపట్టిస్తుంది కూడా. తొమ్మిదేళ్ల పాపకు అది నచ్చకపోతే నన్ను అడగండి.

పలమనేరు, పుంగనూరు వైపు వెళ్తే కన్నడ వినిపిస్తుంది. సర్వజ్ఞుడి మూడు పాదాల పద్యాల చివర "సర్వజ్ఞ" అని వస్తుంది. మా అమ్మాయి విని, "ఈయన కూడా వేమనలాగా చివర పేరు పెట్టుకున్నాడు" అంది. అప్పటి నుంచి సంతకం పెట్టే కవులను ఏరుతోంది. మా ఎదురింటి పిల్లలు ఉర్దూలో ఇక్బాల్ రాసిన పిల్లల ప్రార్థన "లబ్ పే ఆతీ హై దువా" పాడతారు. దాని లయ మా పిల్లకు వచ్చేసింది, అర్థం వాళ్లే చెప్పారు.

మదనపల్లె సంగతి కూడా చెప్పాలి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి ఉన్నప్పుడు జనగణమనను తన చేతులతో ఇంగ్లీషులోకి మార్చాడు. తన పాటను తానే ఇంకో భాషలోకి తెచ్చుకోవడానికి కవి ఎంత తడుముకుని ఉంటాడో! పిల్లలకు ఇష్టమైన నాలుగు పంక్తులు ఇచ్చి, ఇంట్లో ఉన్న రెండో భాషలోకి మార్చమనండి. మా ఇంట్లో ఒక్క మాట దగ్గర అరగంట ఆగిపోయాం. ఆ అరగంట నాకు బంగారం.

తెరచాటు (పలమనేరు దగ్గర పల్లె), మంగళవారం రాత్రి 9.00

మా నాన్న వీధినాటకంలో వేషం కట్టేవారు. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి ఆట. చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు సాగుతుంది. నేను గోనెసంచి పరుచుకుని ముందు వరసలో పడుకునేదాన్ని. పద్యం ఎత్తుకోగానే మెలకువ వచ్చేది.

అర్జునుడి తపస్సు రోజు చూడాలి. నిలువెత్తుకు ఎన్నో రెట్లున్న తపసు మాను నాటుతారు. పాశుపతం కోసం అర్జునుడు మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కుతాడు. పైనుంచి పూలు, పండ్లు, విభూతి విసురుతాడు. బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద ఉంటారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు, ఒక్క పద్యానికి అర్థం తెలియదు. అయినా అంత ఎత్తున గాలిలో ఊగుతూ మా నాన్న తీసే రాగం ఎక్కడ తెగిపోతుందో అని నా గుండె కొట్టుకునేది. కవిత్వం ప్రాణం మీదికి తెచ్చుకునేంత పెద్ద విషయం అని ఆ రోజే అనుకున్నాను. ఇప్పుడు అర్థాలు తెలుసు. ఆ గుండెదడ కూడా ఇంకా ఉంది.

ఎండాకాలం సెలవుల్లో మీ దగ్గరి పల్లెల్లో ఎక్కడ భారతం జరుగుతుందో కనుక్కుని పిల్లలను ఒక్క రాత్రి తీసుకెళ్లండి. ఆఖరి రోజు నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి చుట్టూ భీముడు తిరుగుతాడు. మీ పిల్లలు నిద్రపోరు.

అలిపిరిమెట్లు, పది రోజుల తర్వాత, శుక్రవారం రాత్రి 8.45

జరిగింది రాస్తాను. ఉప్పు, కర్పూరం రెండు గిన్నెల్లో పెట్టాను. పాప ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇన్ని రోజులు ఇది నిజంగా ఉందనుకోలేదు" అంది. పద్యంలోని వస్తువు నిజంగా ఉంటుందని అనుకోకుండానే రెండేళ్లు చెప్పిందన్నమాట. ఆ మాట నన్ను ఇంకా వదలలేదు.

తర్వాత పోతన మన్ను తిన్న పద్యం వినిపించాను. "అమ్మా! మన్నుదినంగ నే శిశువనో, యాకొంటినో, వెఱ్ఱినో" అని మొదలవుతుంది కదా. నేను చిన్న పిల్లవాడినా, ఆకలి వేసిందా, వెర్రివాడినా, వీళ్ల మాటలు నమ్మవద్దు, కావాలంటే నా నోరు వాసన చూడు అంటాడు కృష్ణుడు. పాప పగలబడి నవ్వింది. పద్యం విని నవ్వడం అదే మొదటిసారి. "మదీయాస్య గంధమ్మాఘ్రాణము సేసి" అన్న ముక్కను పది సార్లు అనిపించుకుంది. నేను నేర్పలేదు, అప్పగించమని అడగలేదు.

నిన్న తమ్ముడు దాచిపెట్టిన చాక్లెట్ తిని, తినలేదన్నాడు. పాప వాడి గడ్డం పట్టుకుని, "ఏదీ, నీ ఆస్యగంధం ఆఘ్రాణం చేయనీ" అంది. వంటింట్లో ఉన్న నాకు పోపు మాడిపోయింది.

వచ్చే నెల పోటీకి పేరు ఇవ్వనంటోంది. మొదట బాధ కలిగింది. ఇప్పుడు లేదు.

రాత్రిబస్సు (చిత్తూరు, ఉద్యోగం బెంగళూరులో), శుక్రవారం రాత్రి 10.30

నేను శనివారాలు మాత్రమే ఇంటికి వస్తాను. రోజూ రాత్రి ఒక కవిత ఫోనులో చదివి పంపిస్తాను, మా అమ్మాయి పడుకునే ముందు వింటుంది. బాగా పాడేవాళ్ల గొంతులు ఎన్నో దొరుకుతాయి, అవీ వింటుంది. కానీ నేను ఒక రోజు పంపకపోతే మరునాడు రెండు అడుగుతుంది. మధ్యలో బస్సు హారను వినిపించినది ఒకటి ఉంది, శ్రీశ్రీ శైశవగీతి. దాన్ని తీసేయనివ్వలేదు.

మామిడితోట (దామలచెరువు), శనివారం ఉదయం 7.15

నవ్వించే పద్యాల గురించి రాశారు, బాగుంది. ఏడిపించే వాటి సంగతి ఏమిటి? గురజాడ పూర్ణమ్మను మా పెద్దమ్మాయికి పదేళ్లప్పుడు చదివి వినిపించాను. ముసలివాడికి కట్టబెట్టిన పసిపిల్ల చివరికి ఇంటికి తిరిగి రాదు. మా అమ్మాయి మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. మా ఆవిడ నన్ను బాగా కోప్పడింది. చిత్తూరు వాడైన కట్టమంచి రామలింగారెడ్డి 1900లో ప్రచురించిన ముసలమ్మ మరణం కూడా చదివించాలని ఉంది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ఊరి కోసం ప్రాణం ఇచ్చిన కోడలి కథ. ముసలమ్మ అంటే మా అమ్మాయి ముసలావిడ అనుకుంది, పసిబిడ్డ తల్లి అని తెలిసి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కడితో ఆపేశాను. తప్పు చేశానా?

బడిగంట, శనివారం ఉదయం 9.00

ఆపడం తప్పు కాదండి. నీళ్లలోకి వెళ్లిపోయిన ఆడపిల్లల కథలు రెండూ. పదేళ్ల పిల్ల దాన్ని పరిష్కారంగా అర్థం చేసుకోకూడదు. పదమూడు, పద్నాలుగు వచ్చాక, పక్కన కూర్చుని, ఆ ఊరి వాళ్లు ఇంకేం చేసి ఉండాల్సిందో మాట్లాడుకుంటూ చదవండి. గురజాడ కోపం ఎవరి మీదో అప్పుడు వాళ్లకు తెలుస్తుంది. దుఃఖం అసలే వద్దని మాత్రం నేను అనను. మొసలి పట్టిన ఏనుగు కథ ఉంది, ఎంత ఏడిపించినా ఒడ్డుకు చేరుస్తుంది. చిన్నపిల్లలకు ఒడ్డు ఉన్న దుఃఖం ముందు ఇవ్వాలని నా అభిప్రాయం.

రాగిసంగటి, శనివారం మధ్యాహ్నం 3.40

నాయనా, ఆ బిడ్డ మూడు రోజులు అన్నం తినలేదంటే, పూర్ణమ్మ కోసం ఇంకో పిల్ల ఏడ్చింది అన్నమాట. కోప్పడిన తల్లిదీ న్యాయమే. ఈసారి తరిగొండ వెంగమాంబ కథ చెప్పు. మన గడ్డ మీద పుట్టి, చిన్నతనంలోనే భర్త పోయినా లోకం పెట్టిన కట్టుబాట్లకు తల వంచకుండా కొండకు వెళ్లి, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. కొండ మీద అన్నం తిన్న ప్రతి బిడ్డా ఆమె పేరున్న అన్నప్రసాద కేంద్రంలోనే తిని ఉంటుంది. ఆమె కవి అని ఎంతమంది పిల్లలకు తెలుసు? పూర్ణమ్మ పక్కన వెంగమాంబను కూర్చోబెట్టి చూపించు.

మామిడితోట, శనివారం సాయంత్రం 6.00

ఈ ఆలోచన నాకు రాలేదు అవ్వా. వచ్చే వారం కొండకు వెళ్తున్నాం. పంక్తిలో కూర్చున్నప్పుడే చెబుతాను.

మూడుచక్రాలు, మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 11.05

శతకప్రియ అయ్యా, మీరు అప్పగించిన పని చేశాం. ఆలస్యం అయింది, పండుగ రద్దీ. పాటను మాటలుగా విడదీసి నోటుపుస్తకంలో రాసుకున్నాను, మీరు చెప్పినట్టే. బేరం లేనప్పుడు ఆటోలో కూర్చుని చదువుకున్నాను. ఇంటికి వచ్చాక మా వాడు ఒక్కో రత్నం దొరికినప్పుడు ఒక చింతగింజ పక్కన పెట్టాడు. యశోద ముంగిట ముత్యం, గొల్లెతల అరచేతి మాణిక్యం, కంసుడి పాలిటి వజ్రం, గరుడ పచ్చ, పగడం, గోవర్ధనం దగ్గర గోమేధికం, శంఖచక్రాల సందున వైడూర్యం, కాళింగుడి తలల మీద పుష్యరాగం, వేంకటాద్రి మీద ఇంద్రనీలం. తొమ్మిది అయ్యాయి. ఇంద్రనీలం మన కొండ మీదే ఉందని తెలిసి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

తిరిగి వచ్చి పాట మళ్లీ వినిపించమన్నాడు. "నాన్నా, ఇంకోటి ఉంది" అన్నాడు. "పాలజలనిధిలోన బాయని దివ్యరత్నము." అది పదోది. దానికి పేరు లేదు. నవరత్నాలంటే తొమ్మిదే కదా, ఇది ఎక్కడి నుంచి వచ్చింది అని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. మీరు చెప్పగలరు కదా అయ్యా?

శతకప్రియ, సోమవారం ఉదయం 5.35

తమ్ముడూ, ఎన్నో ఏళ్లుగా ఆ పాట వింటున్నాను. నేను తొమ్మిది దగ్గరే ఆగిపోయాను. నాకు ఒక సమాధానం తోస్తోంది కానీ ఇక్కడ రాయను. మీ వాడికి ఏమనిపిస్తోందో ముందు అడగండి.

మూడుచక్రాలు, సోమవారం రాత్రి 10.50

అడిగాను. చింతగింజలు తీసేయవద్దు, ఇంకా చూస్తున్నాను అన్నాడు. కిటికీలో అలాగే ఉన్నాయి, తొమ్మిది ఒక వరసలో, ఒకటి పక్కన.